ఇంటి కంప్యూటరును క్రొత్త లినక్సునకు మార్చుకొనుట

ఇంటికి కంప్యూటరు వచ్చి ఏడెనిమిది సంవత్సరములు గడచిన పిమ్మట, ఒకనాడు తెరమీద ఒక చిన్న ప్రకటన కనబడును. ఈ వ్యవస్థకు పోషణకాలము ముగిసినది, క్రొత్తదానికి మారవలెను అని దాని భావము. చాలమంది దానిని మూసివేసి తమ పని తాము చూచుకొందురు. మరికొందరు తొందరపడి మీట నొక్కి, పదేండ్ల ఫోటోలను ఉత్తరములను పోగొట్టుకొందురు. ఈ రెండు దారులకును నడుమ క్షేమమైన దారి యొకటి కలదు. దానినే ఈనాటి ప్రసంగములో వివరింపదలచినాము.

ఈ విషయము మహానగరవాసులకంటె పల్లెలలోనివారికే ఎక్కువ అవసరము. హైదరాబాదునుండి విజయవాడకు పోవు 65వ జాతీయ రహదారిమీద, మున్నేటి యొడ్డున నున్న కీసర గ్రామమును తలచుకొందము. అచట ఒక గృహస్థుని యింట కంప్యూటరు ఉన్నదనుకొందము. అందులో మిరప, పత్తి సాగు ఖర్చుల లెక్కలుండును. పొలము పాసుపుస్తకపు నకళ్లు, అమ్మాయి పెండ్లి ఫోటోలు, అబ్బాయి చదువు పత్రములు ఉండును. తాతగారు చెప్పుచుండగా మనుమరాలు వ్రాసిపెట్టిన వంశచరిత్రయు ఉండవచ్చును. యంత్రము మొరాయించినచో దానిని నందిగామకో, జగ్గయ్యపేటకో, విజయవాడకో మోసికొని పోవలెను. బాగుచేయువాడు తరచుగా అడుగు మొదటి ప్రశ్న, “అంతా తుడిచి క్రొత్తగా వేయమంటారా?” అనునదే. ఆ ప్రశ్నకు తడబడక జవాబు చెప్పగలుగుటయే ఈ ప్రసంగమువలన మేము కోరు ప్రయోజనము.

మొదట లినక్సు అనగా నేమో చూతము. కంప్యూటరు పెట్టెలో ప్రాసెసరు, మెమొరీ, డిస్కు అను భాగములున్నవి. మనము వాడు కార్యక్రమములు వేరుగా నున్నవి. ఈ రెంటికిని నడుమ నుండి, ఎవరికెంత చోటు, ఎవరికెంత కాలము అని పంచిపెట్టునది ఆపరేటింగ్ సిస్టమ్. దానికి నడిబొడ్డువంటి భాగమును కెర్నల్ అందురు. ఫిన్లండు దేశములో హెల్సింకీ విశ్వవిద్యాలయపు విద్యార్థియైన లైనస్ టోర్వాల్డ్స్ 1991లో అట్టి కెర్నల్ నొకదానిని వ్రాసి, లోకమునకు విడిచిపెట్టెను. అదియే లినక్సు. అంతకుముందే, 1983లో, అమెరికాలో రిచర్డ్ స్టాల్‌మన్ ప్రారంభించిన గ్నూ ఉద్యమమువారు తక్కిన సాధనములను సిద్ధము చేయుచుండిరి. ఈ రెండును కలసి సంపూర్ణమైన వ్యవస్థ ఏర్పడినది. ఎవరైనను దానిని తీసికొనవచ్చును, పరిశీలింపవచ్చును, మార్చవచ్చును, ఇతరులకు పంచిపెట్టవచ్చును.

ఇట్లు ఉచితముగా లభించు సామగ్రిని ఏర్చి కూర్చి, సామాన్యులు వాడుకొనుటకు వీలుగా అందించు సంస్థలు పెక్కు కలవు. 1993లో డెబియన్, 2004లో ఉబుంటు, 2006లో లినక్స్ మింట్ బయలుదేరినవి. మన దేశములో సీ-డాక్ సంస్థవారు బాస్ అను పేరుతో ఒక లినక్సును 2007లో వెలువరించిరి. హైదరాబాదులోని స్వేచ్ఛ సంస్థవారు డెబియన్ పునాదిగా, తెరమీది మాటలన్నియు తెలుగులో కనబడునట్లు ఒక వ్యవస్థను రూపొందించిరి. కావున లినక్సు మనకు పరాయి సరకు కాదు. దానిలో మన భాషకును చోటున్నది.

ఇక, బాగుగా పనిచేయుచున్న వ్యవస్థను మార్చుట యెందులకు? ప్రతి వ్యవస్థలోను కాలక్రమమున లోపములు బయటపడుచుండును. వానిలో కొన్నిటిద్వారా దొంగలు ఇంటర్నెట్టు మార్గమున లోనికి చొరబడగలరు. లోపము తెలిసినప్పుడెల్ల తయారుచేయువారు దానికి మరమ్మతు పంపుచుందురు. ఇట్లు మరమ్మతులు పంపు కాలమునే పోషణకాలము అందుము. ఉబుంటులో రెండేండ్లకొకమారు ఏప్రిల్ నెలలో వెలువడు ప్రత్యేక సంచికకు ఐదేండ్ల పోషణ కలదు. దాని పేరులోని అంకెలే దాని పుట్టినతేదీ: 24.04 అనగా 2024వ సంవత్సరము, నాల్గవ నెల. 2020 ఏప్రిల్‌లో వెలువడిన 20.04 సంచికకు ఉచిత పోషణ 2025 మే నెలతో ముగిసినది. డెబియన్‌లో మూడేండ్లు పూర్తి పోషణ, ఆపై రెండేండ్లు పరిమిత పోషణ ఉండును. దాని 12వ సంచిక 2023 జూన్‌లోను, 13వ సంచిక 2025 ఆగస్టులోను వెలువడినవి.

పోషణకాలము ముగిసిన మరునాడు యంత్రము ఆగిపోదు. ఎప్పటివలెనే వెలుగును, పాటలు వినిపించును, లెక్కలు చేయును. ఇంటర్నెట్టుతో ఏ సంబంధమును లేని యంత్రమునకు తొందరలేదు. బ్యాంకు లావాదేవీలు, ఉత్తర ప్రత్యుత్తరములు జరుపు యంత్రమును మాత్రము ఆ స్థితిలో ఉంచుట, తాళము చెడిన తలుపును చేరవేసి నిద్రించుట వంటిది.

2025 అక్టోబరు 14వ తేదీతో విండోస్ 10కి సాధారణమైన ఉచిత పోషణ ముగిసినది. విండోస్ 11 కోరు లక్షణములు లేని పాత యంత్రములు కలవారు కొందరు అప్పటినుండి లినక్సువైపు చూచుచున్నారు. మేము చెప్పబోవు జాగ్రత్తలలో పెక్కు వారికిని వర్తించును.

మార్పునకు పూనుకొనుటకు ముందు, యంత్రము దానిని భరింపగలదా యని చూడవలెను. ఇందు ముఖ్యమైనవి రెండు. మొదటిది ప్రాసెసరు 32 బిట్ల తరగతిదా, 64 బిట్ల తరగతిదా అనునది. ఉబుంటువారు 32 బిట్ల యంత్రములకు క్రొత్త వ్యవస్థల నిచ్చుట చాలకాలము క్రిందటనే మానివేసిరి. డెబియన్‌వారును 13వ సంచికనుండి అట్టి యంత్రములపై నేరుగా స్థాపించు సాధనమును ఇచ్చుటలేదు. రెండవది మెమొరీ. 4 గీగాబైట్లున్నచో లినక్స్ మింట్ వంటి వ్యవస్థ ఇంటి పనులకు సరిపోవును. రెండే యున్నచో ఎక్స్‌ఎఫ్‌సీఈ వంటి తేలికైన తెర యలంకారమును ఎంచుకొనవలెను. ఈ రెండు వివరములును సెట్టింగులలో యంత్రమును గూర్చి తెలుపు పుటలో కనబడును.

దీనికంటె నమ్మకమైన పరీక్ష యొకటి కలదు. క్రొత్త వ్యవస్థను పెన్ డ్రైవుపై ఎక్కించి, డిస్కును ముట్టుకొనకుండ, దానినుండియే యంత్రమును నడిపి చూడవచ్చును. దీనిని లైవ్ పద్ధతి యందురు. అట్లు నడపినప్పుడు శబ్దము వినబడుచున్నదా, వైఫై తగులుకొనుచున్నదా, ప్రింటరు పలుకుచున్నదా, తెలుగు అక్షరములు వత్తులతో గుణింతములతో సరిగా నిలుచుచున్నవా యని అరగంట పరీక్షింపవలెను. ఇవి నచ్చనిచో పెన్ డ్రైవు తీసివేసి యంత్రమును తిరిగి వెలిగించినచో పాతది పాతట్లే యుండును.

ఇందులకు దిగుమతి చేసికొను ఫైలు పెద్దది. లినక్స్ మింట్ 22 సుమారు 3 గీగాబైట్లు, ఉబుంటు 24.04 సుమారు 6 గీగాబైట్లు. సెల్‌ఫోను డేటాపై తెచ్చుకొనువారు దినసరి పరిమితిని చూచుకొనవలెను. మార్గమధ్యమున తెగిన ఫైలు పైకి బాగుగనే కనబడి, స్థాపన సగములో మోసగించును. అందుచేత తయారుచేయువారు ఫైలుతోపాటు 64 అక్షరముల సరిచూపు సంఖ్య నొకదానిని ప్రకటింతురు. దిగిన ఫైలునకు మన యంత్రము లెక్కకట్టిన సంఖ్య దానితో అక్షరము పొల్లుపోకుండ సరిపోయినచో ఫైలు చెక్కుచెదరక వచ్చినదని గ్రహింపవచ్చును.

ఇప్పుడు అన్నిటికంటె ముఖ్యమైన సంగతికి వచ్చుచున్నాము. ఆపరేటింగ్ సిస్టమ్ చెడినచో లోకములో దాని ప్రతులు లక్షలకొలదిగా ఉన్నవి, మరల తెచ్చుకొనవచ్చును. మన ఫోటోలకు, లెక్కలకు, వ్రాతలకు ప్రతి ఇంకెక్కడను లేదు. కాబట్టి ఈ మార్పు అను పనిలో మొదటి భాగము మన సొత్తును నకలు తీయుటయే. అది పూర్తికానిదే రెండవ భాగము జోలికి పోరాదు.

లినక్సులో ఒక్కొక్కరి సొత్తు హోమ్ అను ఫోల్డరులో వారివారి పేర ఉండును. దానిని మొత్తముగా బయటి హార్డ్ డిస్కునకు నకలు చేయవలెను. ఇందు మూడు మెలకువలు కలవు. మొదటిది: చుక్కతో మొదలగు పేరుగల ఫోల్డర్లు సాధారణముగా కంటికి కనబడవు. ఫైర్‌ఫాక్సులో దాచుకొన్న చిరునామాలు, పాస్‌వర్డులు, థండర్‌బర్డులోని ఉత్తరములు, మనము స్వయముగా చేర్చుకొన్న తెలుగు ఫాంటులు తరచుగా ఇట్టి మరుగు ఫోల్డర్లలోనే ఉండును. ఫైళ్ల కిటికీలో కంట్రోల్, హెచ్ అను మీటలను కలిపి నొక్కినచో ఇవి బయటపడును. రెండవది: ఫాట్ 32 పద్ధతిలో సిద్ధపరచిన పెన్ డ్రైవు 4 గీగాబైట్లకు మించిన ఒంటి ఫైలును స్వీకరింపదు. పెండ్లి వీడియోలు తరచుగా ఇచ్చటనే ఆగిపోవును. అట్టివానికి ఎక్స్‌ఫాట్ పద్ధతిలో గాని, లినక్సు సొంత పద్ధతియైన ఎక్స్‌ట్ 4లో గాని డిస్కును ముందుగా సిద్ధపరచుకొనవలెను. మూడవది: నకలు ముగిసినట్లు తెరమీద కనబడినను కొంత సమాచారము ఇంకను మెమొరీలోనే నిలిచియుండవచ్చును. సురక్షితముగా తొలగించు ఆజ్ఞనిచ్చి, అది అనుమతించిన పిమ్మటనే తీగ లాగవలెను.

నకలు తీసిన డిస్కును వేరొక కంప్యూటరునకు తగిలించి, అక్కడొక ఫోటోను, ఇక్కడొక లెక్కను, ఒక వీడియో చివరిభాగమును తెరచి చూడవలెను. తెరచి చూడని నకలును నకలుగా లెక్కింపరాదు. రెండవ ప్రతి యొకటి వేరొక ఊరిలోని బంధువుల యింట ఉంచుట ఇంకను మేలు. 2023 జూలైలో మున్నేరు పొంగి, ఐతవరము వద్ద జాతీయ రహదారిపైకి నీరెక్కి రాకపోకలు నిలిచిపోయిన సంగతి ఈ ప్రాంతమువారు మరువలేదు. కంప్యూటరును దాని నకలును ఒకే బీరువాలో ఉన్నచో నీటికి రెండును ఒకటే.

తెలుగువారికి ప్రత్యేకమైన చిక్కు మరియొకటి కలదు. యూనీకోడ్ ప్రమాణములో తెలుగునకు 1991లోనే 128 స్థానముల పట్టిక ఏర్పడినది. అయినను చాల సంవత్సరములవరకు మన ముద్రణశాలలలోను, ఇండ్లలోను ‘అను’, శ్రీలిపి మొదలగు పేర్లుగల ప్రత్యేక ఫాంటులతోనే పని సాగినది. ఈ పద్ధతిలో ఫైలులో దాచబడునవి తెలుగు అక్షరముల సంకేతములు కావు. ఇంగ్లీషు అక్షరములకును గుర్తులకును చెందిన సంకేతములు. ఫాంటు వానిపై తెలుగు ముసుగు వేయును. ఆ ఫాంటు లేని క్రొత్త వ్యవస్థలో ఫైలు తెరచినచో తాతగారి వంశచరిత్ర యంతయు అర్థము లేని ఇంగ్లీషు అక్షరముల గుంపుగా కనబడును. ఫైలు చెడలేదు, చదువు తాళపుచెవి మాత్రమే పోయినది.

దీనికి విరుగుడు పాత వ్యవస్థ సజీవముగా నున్నప్పుడే చేసికొనవలెను. అట్టి పత్రములనన్నిటిని ఒకచోట చేర్చి, ముందుగా ఒక్కొక్కదానిని పీడీఎఫ్‌గా మార్చి దాచవలెను. పీడీఎఫ్‌లో ఫాంటును కూడ ఇమిడ్చి దాచవచ్చును గనుక రూపము ఎక్కడైనను నిలుచును. తరువాత, యూనీకోడునకు మార్చు సాధనముతో అక్షరములను మార్చి, పీడీఎఫ్‌ను ప్రక్కన పెట్టుకొని సరిచూచుకొనవలెను. వత్తులు, అరుదైన సంయుక్తాక్షరములు ఉన్నచోట తప్పులు దొరలుట కద్దు. ఒక్కసారి యూనీకోడునకు మారిన వ్రాత ఇక ఏ వ్యవస్థలోనైనను తెలుగుగనే చదువబడును. లోహిత్, పోతన, వేమన వంటి తెలుగు ఫాంటులు లినక్సులో ఉచితముగా లభించుచున్నవి. వ్రాయుటకు ప్రభుత్వము ప్రమాణీకరించిన ఇన్‌స్క్రిప్టు అమరికయు, ఇంగ్లీషు మీటలతో తెలుగు పలికించు ఆర్‌టీఎస్ పద్ధతియు ఐబస్ అను సాధనముద్వారా అమర్చుకొనవచ్చును. చేయి ఏ అమరికకు అలవాటుపడినదో దాని పేరు ముందుగా కాగితముమీద వ్రాసియుంచుకొనుట మంచిది.

ఇప్పుడు మార్పు చేయు పద్ధతిని చూతము. ఇది రెండు విధములు. మొదటిది, ఉన్నచోటనే పాతదానిని క్రొత్తదానిగా పెంచుట. మన అమరికలన్నియు చాలవరకు నిలుచుట దీనిలోని సుగుణము. ఐతే మెట్టు వెంట మెట్టుగా ఎక్కవలెను. ఉబుంటు 20.04నుండి 22.04నకు, అచటినుండి 24.04నకు పోవలెనే కాని నడిమిదానిని దాటరాదు. డెబియన్‌లోను 11నుండి 12, 12నుండి 13 అనునదే క్రమము. ఐదేండ్ల తరగతి ఉబుంటు వాడువారికి క్రొత్త సంచికకు పిలుపు సాధారణముగా దాని మొదటి సవరణ వెలువడిన తరువాతనే వచ్చును. ఆ కొద్దినెలలు ఆగుట గృహస్థునకు లాభమే. తొలి తప్పులు అప్పటికి సర్దుబాటగును. బయటి భాండారములనుండి చేర్చుకొన్న కార్యక్రమములను ముందుగా తొలగించి, డిస్కులో 20 గీగాబైట్లైనను ఖాళీ చూపవలెను.

రెండవది, తుడిచి క్రొత్తగా స్థాపించుట. రెండు మూడు మెట్లు వెనుకబడిన యంత్రమునకును, విండోస్ నుండి వచ్చువారికిని ఇదియే తగినది. స్థాపన నడుమ ఒక ప్రశ్న వచ్చును: డిస్కు మొత్తము చెరిపివేయుదునా, లేక భాగములను మీరే నిర్ణయింతురా అని. మొదటిదానిని ఎంచినచో ఆ డిస్కుమీద నున్నదంతయు పోవును. హోమ్ ఫోల్డరు పూర్వమే వేరు భాగములో నున్నవారు రెండవదానిని ఎంచి, ఆ భాగమును హోమ్‌గా చూపి, దానిని ఫార్మాటు చేయు గుర్తును పెట్టకుండ విడువవలెను. యంత్రములో రెండు డిస్కులున్నచో, తుడువదలచని దానిని స్థాపన ముగియువరకు ఊడదీసి యుంచుట ఉత్తమము. ఊడదీసిన డిస్కును ఏ పొరపాటును తుడువలేదు.

ఒక కుటుంబములో ఇద్దరు ముగ్గురు ఒకే యంత్రమును వాడుచున్నచో ఇంకొక సూక్ష్మము గమనింపవలెను. లినక్సు మనుష్యులను పేరుతోగాక సంఖ్యతో గుర్తించును. ఉబుంటు, డెబియన్, మింట్ వ్యవస్థలలో మొదట నమోదైన వ్యక్తికి 1000, తరువాతివారికి 1001, ఇట్లు సంఖ్యలు వచ్చును. పాతదానిలో తండ్రి మొదటివాడై, క్రొత్తదానిలో కుమారుని పేరు మొదట వ్రాసినచో, అట్లే నిలుపుకొన్న హోమ్ భాగములో తండ్రి ఫైళ్లు కుమారునికి, కుమారుని ఫైళ్లు తండ్రికి చెందినట్లు లెక్కవచ్చి, ఎవరి ఫోల్డరు వారికి తెరుచుకొనదు. పాత వరుసలోనే పేర్లు వ్రాసినచో ఈ చిక్కు రాదు.

కరెంటు విషయము కూడ చెప్పవలసియున్నది. స్థాపనయో పెంపుదలయో నడచుచున్నప్పుడు విద్యుత్తు పోరాదు. ల్యాప్‌టాపునకు బ్యాటరీ నిండియుండి, ఛార్జరు తగిలించియుండవలెను. బల్లమీది కంప్యూటరునకు ఇన్వర్టరో యూపీఎస్సో ఉండవలెను. వేసవి మధ్యాహ్నములు, గాలివాన మబ్బులు పట్టిన సాయంకాలములు ఈ పనికి అనువైనవి కావు. పెంపుదల నడుమ నిలిచిపోయినను అధైర్యపడ నక్కరలేదు. ప్రారంభమున వచ్చు పట్టికలో పాత కెర్నల్ తరచుగా మిగిలియుండును. దానిద్వారా ప్రవేశించి, సగములో ఆగిన పనిని పూర్తిచేయుమని ఆజ్ఞాపింపవచ్చును. అయినను ఎన్నడో అవసరపడు ఆ విద్యకంటె, కరెంటు నిలుకడగా నున్న ఉదయమును ఎంచుకొనుట సులభము.

పని ముగిసి క్రొత్త తెర వెలిగిన పిమ్మట, నకలు తీసిన డిస్కును వెంటనే ఇతర పనులకు వాడరాదు. రెండు నెలలైనను దానిని అట్లే యుంచవలెను. ప్రతి ఇంటిలోను ఏడాదికొకమారు మాత్రమే తెరచు పత్రములు కొన్ని ఉండును: పంట ఋణపు కాగితములు, పన్ను లెక్కలు, బడి చేరికకు కావలసిన ధ్రువపత్రములు. అవి లేవన్న సంగతి అవసరము వచ్చిననాడే తెలియును. క్రొత్త వ్యవస్థలో మొదటి వారము ఇంటిల్లిపాదియు తమతమ పనులు చేసి, ఏది కనబడలేదో ఒక కాగితముమీద వ్రాయుచుండవలెను. ఇంటిలోని పెద్దలకు మీటల స్థానములు మారిన సంగతి ఓపికతో చూపవలెను. వారి తెరమీద అక్షరముల పరిమాణము పెంచుట మరువరాదు.

కడపట ఒక్క మాట. ఈ మార్పు ఒకసారితో ముగియునది కాదు. ఐదేండ్లకొకమారు మరల వచ్చును. కావున క్రొత్త వ్యవస్థ పేరు, సంఖ్య, స్థాపించిన తేదీ, దాని పోషణ ముగియు సంవత్సరము, నకలు డిస్కు ఉంచిన చోటు, తెలుగు కీబోర్డు అమరిక పేరు, ఈ ఆరును ఒక చీటిపై వ్రాసి యంత్రపు ప్రక్కభాగమున అంటింపవలెను. పాస్‌వర్డును మాత్రము అచట వ్రాయరాదు. నందిగామలో బాగుచేయువాడు “అంతా తుడిచి వేయమంటారా?” అని అడిగిననాడు ఆ చీటి చూచి, నకలున్న చోటు తెలిసికొని, నిశ్చింతగా సమాధానము చెప్పవచ్చును.